ఇనుపరాయి కుప్ప మీద సున్నం

శాలువా కప్పారు కాబట్టి చెప్తున్నాను

ఈమధ్య బళ్ళారిలో ఒక కాలేజీవాళ్ళు నన్ను పిలిచి, శాలువా కప్పి, "దేశాల మధ్య ఒప్పందాల్లో పాలుపంచుకున్న పెద్దలు" అని పరిచయం చేశారు. నాకు ఒళ్ళు మండింది. నేను పాలుపంచుకున్నది సుత్తితో, జల్లెడతో. ఒప్పందాలు రాసినవాళ్ళు ఢిల్లీలో ఫ్యాను కింద కూర్చున్నారు. నేను రైలు వ్యాగన్లు నింపే సైడింగులో, ఎర్రదుమ్ములో, ఇనుపరాయి కుప్పల మధ్య నిలబడ్డాను.

సభ అయ్యాక నలుగురైదుగురు కుర్రవాళ్ళు చుట్టూ చేరారు. విదేశీ వ్యాపారం, దౌత్యం, ఏవేవో చదువుతున్నారట. "దేశాలు ఒకదాన్నొకటి ఎలా నమ్ముతాయి సార్?" అని అడిగారు. ఆ రోజు ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఈ వయసులో కూడా తప్పించుకుంటే ఇంకెప్పుడు చెప్తాను? అందుకే రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి ఇందులో ఏమీ ఉండదు. అవి వాటంతట అవే వచ్చాయి, ఎవరికీ పనికిరావు.

నేను బళ్ళారి బజారులో ధాన్యం వ్యాపారం చేసే ఇంట్లో పుట్టాను. రసాయన శాస్త్రం చదివి, యాభైల్లో ఇనుపరాయి ఎగుమతి చేసే ఒక సంస్థలో చేరాను. జిల్లా అప్పటికే మైసూరు రాష్ట్రంలోకి వచ్చేసింది. మేం ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం, కాగితం మీద ఇంగ్లీషు, కూలీలతో మూడూ కలిపి మాట్లాడేవాళ్ళం. జపాన్‌తో యుద్ధం ముగిసి, మన దేశం వాళ్ళతో వేరుగా శాంతి ఒప్పందం చేసుకుని కొన్నేళ్ళయింది. శాంతి అన్నారు, స్నేహం అన్నారు. బాగుంది. స్నేహం కాగితం మీద కుదిరాక దాన్ని ఓడలోకి ఎక్కించాలి కదా. ఎక్కించింది మా యశ్వంతనగర్ కొండల రాయి.

మచ్చు తీయడం

మా పనిని తెలుగులో ఒక్క మాటలో చెప్పవచ్చు: మచ్చు తీయడం. మా తాత ధాన్యం బస్తాలోకి గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు తీసి, అరచేతిలో పోసుకుని చూసి, బస్తా మొత్తానికి మాట ఇచ్చేవాడు. నేను చేసిందీ అదే. కాకపోతే ఒక బస్తాకు బదులు ఒక ఓడ.

కుప్ప మీద నిర్ణయించిన చోట్ల నుంచి రాయి తీయాలి. పగలగొట్టాలి, కలపాలి, మళ్ళీ చిన్న కుప్పగా పోసి నాలుగు పాళ్ళు చేయాలి. ఎదురెదురు పాళ్ళు రెండు ఉంచుకుని, మిగతావి తోసేయాలి. మళ్ళీ పగలగొట్టాలి. ఇలా చేసుకుంటూ పోతే చివరికి మూడు చిన్న సంచులు మిగులుతాయి. ఒకటి అమ్మేవాళ్ళకు, ఒకటి కొనేవాళ్ళకు. మూడోది లక్క ముద్ర వేసి మధ్యవర్తి దగ్గర ఉంచుతారు. రెండు సంచుల్లో తేలిన ఇనుము శాతం లెక్క కలవకపోతే మూడో సంచి విప్పుతారు. మచ్చు తీసిన కాగితం మీద రెండు సంతకాలు పడాలి, మాది ఒకటి, వాళ్ళది ఒకటి. ఒక్క సంతకంతో మచ్చు చెల్లదు. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి, దీనితో నాకు తర్వాత పని ఉంది.

జపాన్‌తో కుదిరిన రాయి ఒప్పందంలో ఇదంతా ఉందా అంటే, లేదు. "ఇరుపక్షాల సమ్మతితో మచ్చు తీయవలెను" అని ఒక్క ముక్క రాశారు, అంతే. మచ్చు తీసిన రోజుకూ, వ్యాగన్లు వచ్చి రాయి ఎక్కించే రోజుకూ మధ్య పది పన్నెండు రోజులు పడుతుంది. అన్ని రోజులూ కుప్ప ఆరుబయట పడి ఉంటుంది. ఆ కుప్ప అదే కుప్ప అని ఎవరు హామీ? ఈ సంగతి నేను పైకి రెండుసార్లు రాశాను. రెండుసార్లూ "చూడడమైనది" అని జవాబు వచ్చింది. ఏం చూశారో ఆ చూసినవాళ్ళకే తెలియాలి.

ఆ ఒప్పందం పనిమీద ఢిల్లీ నుంచి ఒక పెద్దాఫీసరు వచ్చేవాడు. మంచి ఇంగ్లీషు, మంచి కోటు. రాయిని తడిగా ఉన్నప్పుడు తూచాలా, ఎండబెట్టి తూచాలా అనే మాట వచ్చినప్పుడు ఆయన నావైపు తిరిగి, "రాయికి తడేమిటయ్యా, అదేమైనా స్పాంజా?" అన్నాడు. బయట వాన కురుస్తోంది. మా మేనేజరు బసవరాజప్ప నా కాలు తొక్కాడు, నోరు మూసుకోమని. మూసుకున్నాను. ఆ సర్వీసులో నేను బాగా నేర్చుకున్న విద్య అదే, తర్వాత దానికి మరొకరు మూల్యం చెల్లించారు.

రూపనగుడి ఎర్రిస్వామి

సైడింగులో కాపలాదారు పేరు ఎర్రిస్వామి. రూపనగుడి మనిషి. అన్నదమ్ముల మధ్య పొలం పంచుకుంటే అతని వాటాకు వచ్చింది చాలక ఈ పనిలో చేరాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. తక్కువ మాట్లాడతాడు, కానీ కుప్పల చుట్టూ రోజుకు ఎన్నిసార్లు తిరిగేవాడో చెప్పలేను.

జపాన్‌కు వెళ్ళే మొదటి పెద్ద సరుకుకు మచ్చు తీశాం. వాళ్ళ తరఫున మోరితా అనే రసాయనికుడు వచ్చాడు. సన్నటి మనిషి, జేబులో భూతద్దం. ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆయన ఓడ సంగతి చూసుకోవడానికి మద్రాసు వెళ్ళాడు.

మర్నాడు నేను సైడింగుకు వెళ్ళేసరికి ఎర్రిస్వామి బక్కెట్టులో సున్నం నీళ్ళు కలిపి, చీపురుతో కుప్ప నిండా చిలకరిస్తున్నాడు. ఎర్రటి రాయి మీద తెల్లటి చుక్కలు, గీతలు. గంపలు మోసే ఆడవాళ్ళు నిలబడి నవ్వుతున్నారు.

"ఏమి ఎర్రిసామన్నా, కుప్పకు పెండ్లి చేస్తాండావా?" అంది ఒకామె.

అతను నవ్వలేదు. నన్ను చూసి చీపురు పక్కన పెట్టాడు.

"ఏందన్నా ఇది?" అన్నాను.

"కళ్ళంలో రాశి పోసినాక సుట్టూ బూడిద గీసి, పైన ముద్దర ఏస్తాం గదా సారూ. ఎవురన్నా చెయ్యి పెడితే ముద్దర చెదురుతాది. ఇదీ రాశే గదా. మీరు మచ్చు తీసినారు. ఇంక దీంట్లోంచి ఒక రాయి పోకూడదు, ఒక రాయి రాకూడదు. సున్నం యాడ చెదిరినా నాకు తెలుస్తాది."

నేను రెండుసార్లు పైకి రాసి, జవాబు రాక వదిలేసిన సమస్యకు ఆ మనిషి ఒక చీపురుతో, బక్కెట్టుతో పరిష్కారం చూపించాడు. చాలా సంతోషించాను. వెన్ను కూడా తట్టాను. కానీ నా మచ్చు పుస్తకంలో రాయలేదు. అదే నా తప్పు. ఎందుకు రాయలేదంటే, నిజం చెప్తున్నాను, అది పల్లెటూరి అలవాటు అనిపించింది. ఇంగ్లీషు పుస్తకంలో కళ్ళం సంగతేమిటి, బూడిద సంగతేమిటి అనుకున్నాను. ధాన్యం వ్యాపారి మనవణ్ణి, నాకే అలా అనిపించింది. చదువు మనిషిని అంత మూర్ఖుణ్ణి చేయగలదు.

తెల్లటి కుప్ప

పదకొండో రోజు వ్యాగన్లు వచ్చాయి. మోరితా కూడా మద్రాసు నుంచి వచ్చాడు. కుప్పను చూసి ఆగిపోయాడు. దగ్గరికి వెళ్ళి వేలితో తుడిచాడు, వాసన చూశాడు, భూతద్దం తీశాడు. తర్వాత వెనక్కి తిరిగి, తనకున్న కొద్దిపాటి ఇంగ్లీషులో, "లోడింగు ఆపండి" అన్నాడు.

ఆయన అనుమానంలో తప్పేమీ లేదు. తను చూసి వెళ్ళినప్పుడు కుప్ప ఎర్రగా ఉంది. తిరిగొచ్చేసరికి తెల్లగా ఉంది. మంచి రాయికి మచ్చు తీయించి, తర్వాత పనికిరాని రాయి కలిపి, పైన ఏదో పూసి కప్పిపెట్టారని ఆయన అనుకున్నాడు. ఆయన స్థానంలో మా తాత ఉన్నా అదే అనుకునేవాడు.

ఓడ మద్రాసులో ఆగింది. రెండు రోజుల్లో ఢిల్లీ ఆఫీసరు దిగాడు. కంటోన్మెంటులోని ఒక పాత బంగళాలో కూర్చున్నాం, ఆయన, బసవరాజప్ప, నేను. మోరితాను పిలవలేదు. ఎర్రిస్వామిని పిలవాలన్న ఆలోచనైతే ఎవరికీ రాలేదు.

నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆఫీసరు విన్నాడు. "ఇది నీ పుస్తకంలో ఉందా?" అన్నాడు.

"లేదు సార్."

"లేనిదాన్ని ఇప్పుడు చెప్తే కథ అల్లుతున్నామంటారు. ఏ రసాయనికుడైనా తన కళ్ళముందు కుప్ప మీద సున్నం చల్లుతుంటే రాసుకోకుండా ఉంటాడా అని అడుగుతారు. ఏం చెప్తావు?"

బసవరాజప్ప గొంతు సవరించుకున్నాడు. "నోడప్పా నాగరాజప్పా, నీకు పెండ్లయి ఏడాది గూడా కాలేదు. ఆలోచన చెయ్యి. కాపలావాడు ఎవురినీ అడగకుండా చేసినాడు అంటే అయిపోతుంది. ఆ మాట అబద్ధం కూడా కాదు గదా."

నిజమే, అబద్ధం కాదు. అతను ఎవరినీ అడగలేదు. ఎవరినైనా అడిగితే జవాబు ఇచ్చేవాళ్ళు ఎవరున్నారు అక్కడ? కానీ ఆఫీసరు జపాన్‌వాళ్ళకు రాసిన ఉత్తరం ఆ మాట దగ్గర ఆగలేదు. "కాపలాదారు ఎర్రిస్వామి దురుద్దేశంతో సరుకును తాకి చెడగొట్టినాడు, అతనిని తొలగించడమైనది, దీనివలన ఇరు దేశముల స్నేహమునకు భంగము కలుగరాదు" అని రాశాడు. కింద రసాయనికుడి ధ్రువీకరణ కావాలన్నాడు. "ఇదంతా మామూలు తతంగమయ్యా. పది రోజుల తర్వాత వాణ్ణి మళ్ళీ పెట్టుకోండి, ఎవడు చూస్తాడు?" అన్నాడు.

నేను సంతకం పెట్టాను. చెయ్యి వణికిందని రాసుకోవచ్చు, చదవడానికి బాగుంటుంది. వణకలేదు. నా ఉద్యోగం నిలబడిందన్న ఊరటే ఆ క్షణంలో నాకు తెలిసింది.

మర్నాడు ఉదయం సైడింగు గేటు దగ్గర ఎర్రిస్వామి కనిపించాడు. అప్పటికే బసవరాజప్ప చెప్పేశాడు.

"నేనేం తప్పు చేసినా సారూ? మీరు చూసినారు గదా. బాగుండాది అన్నారు గదా."

"పది రోజులు ఊరికి పోయి రా అన్నా. మళ్ళీ తీసుకుంటారు."

"పనికి గాదు సారూ నేను అడుగుతాండేది. దొంగ అని రాసినారంట. అది ఎట్ల రాస్తారు?"

నేను లోపలికి వెళ్ళిపోయాను.

మోరితా అడిగిన ప్రశ్న

ఆఫీసరు ఆ ఉత్తరంతో గొడవ ముగిసిందనుకుని రైలెక్కాడు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం. మోరితా ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ మచ్చు తీద్దామన్నాడు.

ఇద్దరం మళ్ళీ ఎండలో నిలబడి కుప్పను అడుగుదాకా తవ్వించాం. పగలగొట్టాం, నాలుగు పాళ్ళు చేశాం, జల్లించాం. లెక్క మొదటి మచ్చుతో సరిపోయింది. రాయి అదే రాయి.

ఆ సాయంత్రం ఆయన కుప్ప పక్కనే ఒక రాయి మీద కూర్చుని నన్ను పిలిచాడు. ఒక్కొక్క మాట వెతుక్కుంటూ అన్నాడు: "దొంగ దాచాలనుకుంటాడు. ఎర్రరాయి మీద తెల్లరంగు చల్లితే అందరికీ కనబడుతుంది. ఏ దొంగ అలా చేస్తాడు?"

మా వైపు ముగ్గురు పెద్దమనుషులం బంగళాలో పూటంతా కూర్చున్నాం. ఈ ఒక్క ప్రశ్న మాలో ఎవరమూ వేసుకోలేదు. వేసుకుంటే పని ఆగిపోతుందని కాబోలు.

నేను లేచి, సున్నం చెదరకుండా మిగిలిన మూల దగ్గరికి వెళ్ళి, నాలుగు రాళ్ళు తీసి పక్కన పడేశాను. తెల్లటి గీతలో ఎర్రటి గుంట పడింది. వేరే రాళ్ళతో పూడ్చి చూపించాను. గీత కలవలేదు. ఎవడు ఎంత జాగ్రత్తగా పేర్చినా కలవదు. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోని ఉత్తరం తీసి నా సంతకం మీద వేలు పెట్టాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

ఆయన ఉత్తరం మళ్ళీ మడిచాడు. తిట్టలేదు, తిడితే తేలికగా ఉండేది. ఆ తర్వాత నేను మచ్చు తీసిన ప్రతిసారీ ఆయన నా చేతులవంక ఇంకాస్త దగ్గరగా చూశాడు. ఏళ్ళు గడిచాక మంచి స్నేహితులమయ్యాం కానీ, ఆ చూపు మాత్రం పోలేదు.

సరుకు వెళ్ళింది. ఒప్పందాన్ని తిరగరాసేటప్పుడు జపాన్‌వాళ్ళే ఒక అనుబంధం కోరారు. మచ్చు తీసిన వెంటనే ఇరుపక్షాల సమక్షంలో కుప్ప మీద సున్నపు నీరు చల్లాలి. ఎక్కించే ముందు ఇద్దరూ కలిసి గీతలు చూడాలి. చెదిరిన చోట మళ్ళీ మచ్చు తీయాలి. ఢిల్లీ ఆఫీసరు ఆ ముక్కను ఇంగ్లీషులో రాసిపెట్టమని నాకే పురమాయించాడు. "శాస్త్రీయంగా ఉండాలయ్యా" అన్నాడు. రూపనగుడి కళ్ళంలోని పద్ధతిని నేను శాస్త్రీయంగా రాశాను. రెండు ప్రభుత్వాలూ సంతకాలు పెట్టాయి. ఆ తర్వాత నా సర్వీసంతా ఆ పద్ధతి మీదే నడిచింది, కుప్ప విషయంలో ఒక్క తగాదా రాలేదు.

ఆ కాగితం, ఈ కాగితం

పది రోజులు నెలయ్యాయి, నెల ఏడాదయింది. ఎర్రిస్వామిని తిరిగి తీసుకోలేదు. బసవరాజప్పను అడిగితే, "రెండు దేశాల మధ్య పోయిన ఉత్తరంలో వాని పేరు ఉండాది. నేనెట్ల తీసుకోను మారాయా?" అన్నాడు. అతను సండూరు వైపు గనుల్లో కాపలా పనికి వెళితే, అక్కడా అప్పటికే కబురు చేరింది. కాపలాదారుకు చదువు లేకపోయినా ఫరవాలేదు, మచ్చ మాత్రం ఉండకూడదు.

అనుబంధం అచ్చయి వచ్చాక దాని నకలు ఒకటి పట్టుకుని రూపనగుడి బస్సెక్కాను. ఏం ఆశించానో ఇప్పటికీ నాకు తెలియదు. సంతోషపడతాడనుకున్నాను కాబోలు. అతను అన్న పొలంలో కూలికి వేరుశెనగ పీకుతున్నాడు. గట్టు మీద కూర్చోబెట్టాడు. చెంబుతో నీళ్ళిచ్చాడు. నేను ఆ ముక్కను తెలుగులో చదివి వినిపించాను.

విన్నాడు. "నేను చల్లినట్లే రాసినారా?"

"నువ్వు చల్లినట్లే అన్నా. ఇప్పుడు రెండు దేశాలకూ అదే కట్టడి."

"మంచిదే గదా." కొంచెంసేపు చేతులకు అంటిన మట్టి దులుపుకున్నాడు. "అయితే ఈ కాయితం వచ్చినాక ఆ కాయితం కొట్టేసినారా సారూ?"

"ఏ కాగితం?" అన్నాను. తెలిసే అడిగాను.

"నేను దొంగ అని ఉండేది."

కొట్టేయలేదని చెప్పాను. ప్రయత్నిస్తానన్నాను.

"అది రాసేటప్పుడు నన్ను ఒక మాట అడిగిండొచ్చు గదా సారూ. మీ మచ్చుకే రెండు సంతకాలు కావల్ల. రాయికి ఉండే మర్యాద నాకు లేదా?"

నీళ్ళ చెంబు పట్టుకుని కూర్చున్నాను. బస్సు వచ్చాక చెంబు గట్టు మీద పెట్టి లేచాను.

తిరిగొచ్చాక మూడు ఉత్తరాలు రాశాను. ఆ ధ్రువీకరణ తప్పని, నాదే పొరపాటని, దాన్ని రద్దు చేయాలని. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి "చూడడమైనది" అని వచ్చింది. మూడోదానికి మాత్రం వివరంగా రాశారు: విషయము సామరస్యముగా ముగిసినది, ఇప్పుడు మరల తెరిచినచో ఇరు దేశముల స్నేహమునకు భంగము కలుగును. ఆ స్నేహం అంత సున్నితమైనదైతే ఓడలకొద్దీ రాయిని ఎలా మోసిందో నాకు అర్థం కాదు. తప్పు మనదని ఒక్క వాక్యం రాసి ఉంటే జపాన్‌వాళ్ళు మనల్ని ఇంకాస్త నమ్మేవాళ్ళు. మోరితా కళ్ళలో చూసినవాణ్ణి కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. దేశాలు మాటలతో నమ్మవు, చూసుకునే వీలుంటే నమ్ముతాయి. ఆ వీలు కల్పించేది చాలాసార్లు బల్ల దగ్గర కుర్చీ లేని మనిషి. అతని పద్ధతి మీ భాషలో లేదని పుస్తకంలోకి ఎక్కించకపోతే, రేపు ఇబ్బంది వచ్చినప్పుడు అతన్నే బలి ఇస్తారు. దానికి "పరస్పర అవగాహన" అని పేరు కూడా పెడతారు. ఇక మీ ముందుకు సంతకం కోసం కాగితం వస్తే, అందులో పేరున్న మనిషి ఆ గదిలో ఉన్నాడా అని చూడండి. లేకపోతే కలం మూసేయండి. నేను మూయలేదు.

ఆ ఉత్తరం ఇంకా ఏదో ఫైల్లో ఉండే ఉంటుంది. దాని కింద నన్ను రాయనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కుప్ప మీద సున్నం చల్లినవాడు రూపనగుడి ఎర్రిస్వామి. సరుకును కాపాడటానికి చల్లాడు. రాయి ఒక్కటి కూడా మారలేదు. ఈ సంగతి నాకు మొదటి రోజు నుంచీ తెలుసు.

దీని కింద నా సంతకం పెట్టాను. మా పద్ధతి ప్రకారం ఇది చెల్లదు. రెండో సంతకం పెట్టాల్సిన మనిషి పోయి చాలా ఏళ్ళయింది.